ఆయన బారతో పన్నెండు తాళ్లు

ఆ ఎండాకాలం యాసంగి వడ్లను సర్కారు కొనుగోలు సెంటర్లో కుప్ప పోసిన రోజున మా ఆయన ఫోన్లో ఒక మాట అన్నాడు. "గీ వడ్లు తడవకుంట కాంటా అయితే నేను ఇగ ఆగ. కాయితం మీద సంతకం వెట్ట. అచ్చేస్త."

గల్ఫ్‌లో ఆయన కంపెనీ రెండేళ్లకోసారి కాగితం చేతికిస్తుంది. సంతకం పెడితే ఇంకో రెండేళ్లు, పెట్టకపోతే ఇంటికి టికెట్టు. ఆ కాగితం అప్పటికే ఆయన పెట్టెలో ఉంది. నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చాలి.

ఆయన పోయి అప్పటికి పదకొండేళ్లు. మధ్యలో మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి నలభై ఐదు రోజులున్నాడు, రెండోసారి అరవై, మూడోసారి ముప్పై ఎనిమిది. మొత్తం నూట నలభై మూడు రోజులు. నేను చదివింది ఐదో తరగతి. తరువాతి లెక్కలన్నీ బీడీలు చుడుతూ, కట్టలు పేర్చుతూ నాకు నేనే నేర్చుకున్నవి. ఎవరైనా పొలం కొలిపించుకుంటే ఎన్ని గుంటల భూమో లెక్క తీసి చెప్పమని మా వాకిట్లోకి వస్తారు. లెక్క తేలేదాకా నోరు విప్పనని నాకో పేరుంది. అదొక మంచి గుణమనే చాలా ఏళ్లు అనుకున్నాను.

మాది కోరుట్లకు దగ్గరి పల్లె. సెంటర్లో నా సీరియల్ నంబరు నలభై ఒకటి. రోజుకు మూడు కుప్పలు తూకమై కాంటా అవుతున్నాయి. అంటే పద్నాలుగో రోజు నా వంతు. లారీలు రాకపోతే ఇంకా ఆలస్యం. అప్పటిదాకా రోజూ వడ్లను ఎండలో నేర్పి ఆరబెట్టాలి, మబ్బు పడితే కప్పాలి. ఆ నెలలో మా దిక్కు మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగే ఎండ కాసి, మూడు నాలుగు గంటలకు ఈదురుగాలి లేచి వాన కొట్టడం మామూలు.

టార్పాలిన్‌ను మేం పరదా అంటాం. జగిత్యాలలో కొన్నాను, ఇరవై నాలుగు అడుగుల పొడవు, పద్దెనిమిది అడుగుల వెడల్పు. అందరూ పరదాను కుప్ప మీద పరిచి, అంచుల మీద రాళ్లు పెడతారు. నేనూ మొదటి రెండు రోజులు అట్లాగే పెట్టాను. రాయి ఒరుసుకున్న చోట పరదా చిరుగుతుంది. పైగా ప్లాస్టిక్ గింజలకు తగులుతుంటే లోపల ఆవిరి పట్టి వడ్లు వేడెక్కుతాయి. మూడో రోజు పొద్దున చెయ్యి లోపలికి పెట్టి చూస్తే, జ్వరమొచ్చిన పిల్ల నుదురు తాకినట్టుంది.

ఆ సంగతి ఆయనకు చెప్పాను. ఆయన ఎడారిలో పైపులైను పని చేసేవాడు. అన్నం తినే చోట నీడకు రోజూ పరదా కట్టేది ఆయనే.

"రాళ్లు వారెయ్. గుడారం లెక్క లేపి కట్టు. కింది నుంచి గాలి ఆడాలె. పన్నెండు తాళ్లు, ఒక్కొక్కటి బారన్నర. గూటం కాడ జారుముడి ఎయ్యి. చెయ్యితోని జరిపితే జరుగుతది, గాలి గుంజితే జరగది."

"తాడు తడిస్తే సాగదా?"

"సాగుతది. అందుకే జారుముడి. మల్ల ముడి ఇప్పే పని లేదు. జర పైకి జరుపు, బిగుస్తది."

బార అంటే రెండు చేతులూ బారజాపితే ఈ కొస నుంచి ఆ కొసకు ఉండే పొడవు. మా దగ్గర తాడును ఎవరూ అడుగుల్లో కొలవరు. పన్నెండు బారన్నరలు, పద్దెనిమిది బారలు. లెక్క సులువుగా తేలింది.

తాడు కోసం సిరిసిల్ల పోయాను. మా చెల్లె అక్కడుంటుంది. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. వాళ్ల ఇంట్లో నాలుగు సాంచలుండేవి. ఆర్డర్లు రాక నెల రోజులుగా నాలుగూ ఆగి ఉన్నాయి. మరిది మగ్గం పనికి భివండి పోయాడు. ఆ వీధిలోకి ఎప్పుడు పోయినా సాంచల చప్పుడుకు మనుషులు అరిచి మాట్లాడుకునేవారు. ఆ రోజు అక్కడ ఎవరింట్లోనో పప్పు తాలింపు వేసిన చప్పుడు కూడా వినబడింది.

"మీ ఆయన విమానంల వోయిండు, మా ఆయన బస్సుల వోయిండు. గంతే తేడా," అంది చెల్లె నీళ్లిస్తూ.

సాంచ మీద బట్ట అయిపోయినప్పుడు చివర కొంత దారం మిగిలిపోతుంది. పాలిస్టరు దారం, గట్టిది, దేనికీ పనికిరాదని మూటకట్టి మూలకు పడేస్తారు. చెల్లె రెండు మూటలు నా ముందు పడేసింది. ఇద్దరం గడప మీద కూర్చుని మూడు పాయలు తీసి జడ అల్లడం మొదలుపెట్టాం. అల్లితే పొడవు తగ్గుతుంది. ఒకటి అల్లి చూశాను. పది అడుగుల దారానికి ఎనిమిది అడుగుల తాడు వచ్చింది. ఆ లెక్కన కావలసిన దారం బొగ్గుతో గోడ మీద రాస్తుంటే చెల్లె నవ్వింది.

"గింత పొడుగు జడ ఎవలికేస్తున్నవే అక్కా?"

"మీ బావకు."

"బావకు నెత్తి మీద ఎంట్రుకలేడున్నయ్? పోయినసారి అచ్చినప్పుడే సగం వోయినయ్."

నేను కూడా నవ్వాను. పోయినసారి అంటే నాలుగేళ్ల కిందట. ఆ సగంలో ఇప్పుడు ఎంత మిగిలిందో నాకు తెలియదు. వీడియో కాల్లో ఎప్పుడూ టోపీతోనే కనబడతాడు.

రెండు చేతులూ చాపి, ఒక బార, ఇంకో సగం బార కొలిచి కోశాను. పన్నెండు తాళ్లూ, మిగిలిన దారమూ సంచిలో వేసుకుని బస్సెక్కాను.

సెంటర్లో రెండు వెదురు బొంగులు పాతి, మీద ఇంకొకటి అడ్డంగా కట్టి, పరదా దాని మీద వేశాను. అంచుల్లోని ఇనుప రింగులకు తాళ్లు కట్టి నేలలో కర్ర గూటాలు కొట్టాను. తాళ్లు పొట్టిగా ఉన్నాయి. గూటం మరీ దగ్గరగా పడుతోంది. తాడు ఏటవాలుగా పోకుండా నిట్టనిలువునా దిగుతోంది. కొంచెం గాలి వీస్తే చాలు, పరదా గూటాన్ని పైకి లాగేస్తోంది.

పక్క కుప్ప మా ఊరి పెద్దాయనది. వరుసకు మామ అవుతాడు. ఆయన మంచంలో కూర్చుని చుట్ట కాలుస్తూ చాలాసేపు చూశాడు.

"కోడలా, గీ తాళ్లు మేకపిల్లను కట్టనీకా?"

"లెక్క ప్రకారమే కోసిన మామా."

"లెక్క మంచిగనే ఉంటది. తాడే పొట్టిగున్నది."

సాయంత్రం మా ఆయనకు ఫోన్ చేశాను. "బారన్నర సరిపోతలేదు."

"ఎందుకు సరిపోదు? నేను రోజూ కడుతున్న."

"అడుగు తక్కువ వడుతున్నది."

ఆయన నవ్వాడు. "ఎవలి బార కొలిచినవ్?"

నేను నా చేతుల దిక్కు చూసుకున్నాను.

"నీ బారతోని కొలిస్తే ఎట్ల సరిపోతది? నేను చెప్పింది నా బార. నా బార నీకు తెల్వదా?"

"తెల్వకేంది," అన్నాను.

తెలియదు. గుంటలూ గజాలూ ఊరందరికీ తీసిచ్చేదాన్ని, పెళ్లయి ఇరవై ఏళ్లు దాటిన మనిషి చేతులు చాపితే ఎంత పొడవో చెప్పలేకపోయాను. ఆయన అడుగుల్లో చెప్పమంటే చెప్పేవాడే. అడగడానికి నోరు రాలేదు. కళ్లు మూసుకుని ఆయనను వాకిట్లో నిలబెట్టి చూశాను. ముఖం వచ్చింది, నడక వచ్చింది. చేతులు మాత్రం ఒకసారి పొడవుగా, ఒకసారి పొట్టిగా కనబడ్డాయి.

మరునాడు పొద్దున ఇంటికి గోనెసంచులకని పోయినప్పుడు, ఎడ్ల కొట్టంలో బావిలో నీళ్లు చేదే తాడు కనబడింది. ఎడ్లు అమ్మేసి చాలా ఏళ్లు. బావి ఎండిపోయి బోరు వేసుకున్నాం. తాడు మాత్రం దూలానికి చుట్టగా వేలాడుతూనే ఉంది. ఆ తాడు ఆయన నా ముందే కొలిచాడు, మేం వేరుపడి ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో. ఒక కొస నన్ను పట్టుకోమని, చేతులు చాపి ముడుచుకుంటూ కొలుస్తూ పోయాడు. వడ్లు కొలిచినట్టే మొదటి బారకు ఒకటి అనకుండా "లాభం" అని, తరువాత రెండు, మూడు అంటూ పది దాకా లెక్కపెట్టాడు. పది మాత్రం గట్టిగా అన్నాడు.

చుట్ట దించి వాకిలి పొడవునా పరిచాను. ఇంట్లో ఉన్న స్కేలుతో మోకాళ్ల మీద కూర్చుని కొలుచుకుంటూ పోయాను. యాభై ఏడు అడుగుల ఆరు ఇంచులు. పదితో భాగిస్తే ఐదడుగుల తొమ్మిది ఇంచులు.

నా బార కొలుచుకున్నాను. ఐదడుగుల ఒక ఇంచు. ఎనిమిది ఇంచుల తేడా. బారన్నరకు పన్నెండు ఇంచులు, సరిగ్గా ఒక అడుగు. లెక్క కుదిరింది. కుదిరినందుకు ఎప్పుడూ ఉండే తృప్తి ఆ రోజు కలగలేదు. నీళ్లు తోడిన తాడు ఎంతో కొంత సాగి ఉంటుంది. పద్ధతి ప్రకారం బారకు ఒక ఇంచైనా తీసెయ్యాలి. తీసెయ్యలేదు. ఆయన చేతుల్లోంచి ఇంచు తగ్గించడానికి మనసొప్పలేదు.

కొట్టం గోడ మీద ఐదడుగుల తొమ్మిది ఇంచులకు బొగ్గుతో అటొక గీత, ఇటొక గీత గీశాను. ఆ రెండు గీతల మధ్య వీపు ఆనించి కాసేపు నిలబడ్డాను. నా చేతులు రెండు వైపులా నాలుగేసి ఇంచులు తక్కువ పడ్డాయి. ఎవరూ చూడలేదు. తరువాత సంచులు తీసుకుని సెంటర్‌కు పోయాను.

మిగిలిన దారంతో పన్నెండు తాళ్లు మళ్లీ అల్లాను. ఈసారి కోసే ముందు ముడిని కూడా పరీక్ష చేశాను. తాడును గూటం చుట్టూ తిప్పి వెనక్కి తెచ్చి, దాని మీదనే గూటం వైపున చుట్లు చుట్టాలి. తరువాత కొసను అవతలి వైపుకు తెచ్చి ఇంకో చుట్టు చుట్టి, ఆ చుట్టు కిందినుంచి తీసి గుంజాలి. ఆయన లోపల రెండు చుట్లు చెప్పాడు. కొట్టంలో దూలానికి తాడు కట్టి, కింద ముడివేసిన ఉచ్చులో బిందె వేలాడదీశాను. సగం బిందె నీళ్లకే రెండు చుట్ల ముడి మెల్లగా జారింది. మూడు చుట్లకు నిండు బిందె ఆగింది. తాడు మీద నీళ్లు పోసి చూశాను, ఆగింది. ఆయన తాడు వేరు, నా తాడు వేరు. పాలిస్టరు నున్నగా ఉంటుంది, దానికి ఇంకో చుట్టు కావాలి. ఆ మాట ఆయనకు చెప్తే, "నువ్వు ఇంజినీరువైనవ్ గద," అన్నాడు. ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడు తలుచుకుంటాను.

ఎనిమిదో రోజు మూడు గంటలకు గాలి లేచింది. ముందు దుమ్ము, తరువాత చినుకులు, ఆ వెంటనే వాన. ఫోన్‌ను కవర్లో చుట్టి అన్నం సంచిలో పడేసి కుప్ప చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. గాలి కొట్టే వైపు ఆరు తాళ్ల ముడులను కిందికి జరిపి వదులు చేస్తే పరదా అంచు కిందికి వాలింది. అవతలి ఆరు బిగించాను. తడిసిన కొద్దీ తాళ్లు సాగాయి. ఒక్కో గూటం దగ్గర వంగి ముడిని పైకి జరపడం, తరువాతి గూటానికి పోవడం. పన్నెండూ అయ్యేసరికి మొదటిది మళ్లీ వదులు. అట్లా ఎన్ని చుట్లు తిరిగానో, ఆ ఒక్క లెక్క నా దగ్గర లేదు. ఒక్క గూటం మాత్రం లేవలేదు.

మామ పరదా రాళ్లతో సహా ఎగిరి రోడ్డు మీద పడింది. మామ దాన్ని ఈడ్చుకొస్తూ నా దిక్కు చూశాడు.

"గా మేకపిల్ల తాళ్లున్నయా ఇంకా?"

"ఉన్నయి మామా."

"తే మల్ల, చూస్తున్నవేంది."

పొట్టివి రెండేసి కలిపి ఆయన పరదా కట్టేశాం. అప్పటికే ఆయన వడ్లు సగం తడిశాయి. గంటలో వాన వెలిసింది. నా పరదా ఎత్తి, కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. పొడిగా గరగరలాడాయి.

ఫోన్ తీస్తే ఆయన ఆరుసార్లు చేసి ఉన్నాడు. ఎక్కడిదో సెంటర్లో వడ్లు నీళ్లల్లో కొట్టుకుపోతున్న వీడియో ఒకటి అప్పటికే అందరి ఫోన్లలో తిరుగుతోంది. నేను మళ్లీ చేస్తే ఆయన ఎత్తలేదు, డ్యూటీలో ఉన్నాడు. మరునాడు పొద్దున చేశాడు.

"వడ్లు ఎట్లున్నయ్?"

"ఇంకా కాంటా కాలే. అయినంక చెప్త."

"మంచిగున్నయా?"

"అయినంక చెప్తన్న గద."

పొడిగా ఉన్నాయని చెప్పడానికి ఎంతసేపు? కానీ నా వంతుకు ఇంకా ఐదు రోజులున్నాయి. రేపు ఇంకో వాన రావచ్చు. తేమ మిషన్లో ఎంత వస్తుందో తెలియదు. ఉన్నాయని చెప్పి, ఆయన మనసులో టికెట్టు కొనుక్కున్నాక, లేవని ఎట్లా చెప్పేది? లెక్క తేలాక చెబుదామనుకున్నాను. ఆయన సరే అని పెట్టేశాడు.

లారీలు ఆలస్యమై పదహారో రోజున కాంటా అయింది. తేమ సరిపోయింది, ఒక్క సంచి కూడా పక్కకు తీయలేదు. తూకం చిట్టీ చేతిలో పట్టుకుని, సెంటర్ గోడ నీడకు పోయి ఫోన్ చేశాను.

"అయింది. ఒక్క గింజ తడవలే," అన్నాను.

లైన్ కట్టయిందేమోనని తెర చూశాను. సెకన్లు నడుస్తున్నాయి.

"నిజంగనా?" అన్నాడు.

"చిట్టీ చేతులున్నది. ఫొటో తీసి పంపుతున్న. టికెట్టు ఎప్పటికి అడుగుతవ్?"

"నేను సంతకం వెట్టిన."

"ఎప్పుడు?"

"వానవడ్డ మూడోనాడు."

"ఎందుకు వెట్టినవ్? నేను చెప్తనన్న గద."

"గదే. అయినంక చెప్తనన్నవ్." ఆయన గొంతులో కోపం లేదు. "మా బాపు వోయినప్పుడు గూడ గిట్లనే అన్నరు. ఎట్లున్నడంటే, మంచిగైనంక చెప్తమన్నరు. తొమ్మిది రోజులైనంక చెప్పిండ్రు."

అది నిజం. ఆయన తండ్రి, అంటే మా సొంత మామ, చనిపోయిన తొమ్మిది రోజుల దాకా ఆయనకు చెప్పలేదు. చెప్పొద్దన్న వాళ్లలో నేనూ ఉన్నాను. అంత దూరంలో ఒంటరిగా ఉన్నవాడు తట్టుకోలేడని. మా దిక్కు అన్ని ఇళ్లలోనూ అదే చేస్తారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు చెడ్డ కబురు వెంటనే చెప్పరు, తరువాత చెప్తామంటారు. అందుకే అక్కడివాళ్లు తరువాత చెప్తామన్న మాటను ఎట్లా వినాలో నేర్చుకున్నారు. నేను నా లెక్కల అలవాటుతో అన్నాను. వడ్లు పోయాయని ఆయన విన్నాడు.

"కాయితం వాపసు తీసుకోరాదు?"

"తీసుకోరు. పోయింది పైకి."

హమాలీలు సంచులు లారీలోకి ఎత్తుతున్నారు.

"మంచిగ కట్టినవ్," అన్నాడు చివరికి.

ఏడుపు రాలేదు, అది కూడా చెప్పాలి. గోడ దగ్గర్నుంచి వచ్చి గూటాలు పీకాను. తాళ్లు విప్పి చుట్ట చుట్టాను. పరదా మడిచాను. పక్క కుప్ప మామ వచ్చి ఏమన్నడు, ఎప్పుడొస్తడని అడిగాడు. రెండేళ్లకు అని చెప్పాను. ఆయన తల ఊపి, మడత పెట్టడానికి అవతలి అంచు పట్టుకున్నాడు.

ఆ రెండేళ్లు అయిపోలేదు ఇంకా. నెలన్నర ఉంది. మొన్నటి యాసంగిలో మళ్లీ కుప్ప పోశాను. ఐదో రోజు మధ్యాహ్నం గాలి లేచింది. ఫోన్ మోగింది. ఈసారి సంచిలో పడెయ్యలేదు. వీడియో నొక్కి, ఫోన్‌ను కవర్లోనే వెదురు బొంగుకు కట్టేసి పరుగెత్తాను. ఆయనకు ఏం కనబడిందో ఏమో, తడిసిన కవరు, పరదా, అటూ ఇటూ తిరిగే నా చీర కొంగు. ఎట్లున్నయని అడగలేదు. గాలి చప్పుడులో రెండుసార్లు అరిచాడు. దగ్గరికి పోయి వింటే తెలిసింది.

"నీ ఎడమ దిక్కు, మూడోది వదులైంది."

"ఏ దిక్కు?"

"ఎడమ, ఎడమ. గదే. జరుపు పైకి."

వంగి ముడిని పైకి జరిపాను.

"ఇంకొంచెం," అన్నాడు.